రాడార్ డిటెక్టరు – వేగము – చట్టము

వాహన వేగాన్ని కొలిచే రాడార్ సూక్ష్మతరంగాలను పంపుతుంది. అవి కదిలే వాహనాన్ని తాకి తిరిగివచ్చేటప్పుడు వాటి పౌనఃపున్యం మారుతుంది. ఆ మార్పును బట్టి వేగం తెలుస్తుంది. దీనిని డాప్లర్ ప్రభావం అంటారు. ఆ తరంగాలను ముందుగానే పసిగట్టి చోదకుని హెచ్చరించే పరికరమే రాడార్ డిటెక్టరు.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం వాహనాలలో దీని వాడకాన్ని నిషేధించింది. భారతదేశపు మోటారు వాహనాల చట్టం, 1988లో ఈ పరికరం పేరు కనిపించదు. అంతమాత్రాన అతివేగానికి అనుమతి లభించినట్లు కాదు. 112వ సెక్షను వేగ పరిమితిని విధిస్తుంది. 183వ సెక్షను ఉల్లంఘనకు శిక్షను నిర్ణయిస్తుంది. 2019 సవరణ ప్రకారం తేలికపాటి వాహనానికి రూ. 1,000 నుండి 2,000 వరకు, మధ్యరకం, భారీ వాహనాలకు రూ. 2,000 నుండి 4,000 వరకు జరిమానా ఉంటుంది. అదే నేరం మరల చేసినచో లైసెన్సును స్వాధీనపరచుకొంటారు. ఇక సంకేతాలను అడ్డగించే జామర్ల సంగతి వేరు. ప్రభుత్వ అనుమతి లేనిదే వాటిని వాడరాదు.

జీతానికి వాహనం నడిపేవారు గమనింపవలసిన అంశం మరొకటి ఉన్నది. తన వద్ద పనిచేసే చోదకునిచేత పరిమితి మించి నడిపించిన యజమానికి కూడా 183వ సెక్షను వర్తిస్తుంది. పరిమితిని మీరితే తప్ప పూర్తిచేయలేని వేళల పట్టికను యజమాని ఇచ్చినచో, ఆ పట్టికయే అతనికి వ్యతిరేకంగా ప్రాథమిక సాక్ష్యం కాగలదు.

చోదకునికి రక్షణలు కూడా ఉన్నాయి. పరికరంతో కొలవకుండా, ఒక్క సాక్షి కంటి అంచనాపైనే అతివేగ నేరాన్ని నిర్ధారింపరాదు. 2021లో చేర్చిన 167ఎ నియమం ప్రకారం కెమెరాల నిఘా ఉన్న మార్గానికి ముందే హెచ్చరిక ఫలకాలు స్పష్టంగా కనబడాలి. నేరం జరిగిన 15 రోజులలోగా నోటీసు పంపాలి. అనగా డబ్బుపోసి కొనే హెచ్చరికను చట్టమే రహదారి పక్కన ఉచితంగా నిలబెట్టింది.

పైగా ఈ పరికరం ప్రయోజనం పరిమితమైనది. సన్నని లేజరు కిరణంతో కొలిచే యంత్రాన్ని డిటెక్టరు గుర్తించేసరికి వేగం నమోదైపోతుంది. రెండు కెమెరాల మధ్య దూరాన్ని, పట్టిన కాలాన్ని బట్టి సగటు వేగం లెక్కించే చోట అది బొత్తిగా పనికిరాదు.

గంటకు 30 కిలోమీటర్ల వేగం 60కి పెరిగితే వాహనపు గతిశక్తి నాలుగింతలవుతుంది. బ్రేకు వేసిన తరువాత ఆగడానికి పట్టే దూరమూ దాదాపు నాలుగింతలే. రోడ్డు దాటుతున్న బాలుని సంగతి ఏ డిటెక్టరూ చెప్పదు.

అభ్యాసము: మీరు నిత్యం ప్రయాణించే మార్గంలో వేగ పరిమితి ఎంత? ఆ ఫలకం ఎక్కడ ఉన్నదో గుర్తించండి.