యాసంగి సాగు: ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోకుండా ముందు జాగ్రత్తలు

బోరుబావుల కింద యాసంగి వరికి నీరందాలంటే పొలం దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ బాగుండాలి. డిసెంబరు, జనవరి నెలల్లో నాట్లు మొదలైనప్పటి నుంచి దాని మీద లోడు పెరుగుతూ, ఎండలు ముదిరే మార్చి నాటికి గరిష్ఠానికి చేరుతుంది. వరి పొట్ట దశలో ఉండే రోజులూ అవే. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి నీటి తడి తప్పితే తాలు గింజలు పెరిగి దిగుబడి పడిపోతుంది. అందువల్ల దాని శక్తి ఎంతో, దాని మీద పడే భారం ఎంతో నాట్లకు ముందే లెక్క చూసుకోవాలి.

కరెంటు పొలానికి చేరే దారి

విద్యుత్ కేంద్రాల నుంచి కరెంటు 400, 220, 132 కిలోవోల్టుల లైన్లలో ప్రయాణించి, 33 కిలోవోల్టుల లైన్ల మీదుగా మండలంలోని సబ్‌స్టేషన్‌కు వస్తుంది. అక్కడ 11 కిలోవోల్టులకు తగ్గి ఫీడర్ల ద్వారా ఊళ్లకు, పొలాలకు వెళుతుంది. పొలం దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 433 వోల్టులకు దించి మోటార్లకు అందిస్తుంది.

ఇంత ఎక్కువ వోల్టేజిలో పంపడానికి కారణం తీగల్లో జరిగే నష్టం. వోల్టేజి పెరిగితే అంతే విద్యుత్తును తక్కువ ఆంపియర్లతో పంపవచ్చు. ఆంపియర్లు సగమైతే తీగ వేడెక్కడం వల్ల పోయే విద్యుత్తు నాలుగో వంతుకు తగ్గుతుంది. ఒకే తీగలో ఒకే లోడును 11 కిలోవోల్టులకు బదులు 433 వోల్టులతో పంపితే నష్టం 600 రెట్లకు పైగా పెరుగుతుంది. బోర్ల దగ్గరి దాకా 11 కిలోవోల్టుల లైను వేసి, కొద్ది మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే హెచ్‌వీడీఎస్ పద్ధతికి ఇదే ఆధారం.

లోపల జరిగేది

ట్రాన్స్‌ఫార్మర్‌లో కదిలే భాగాలు ఉండవు. పలుచని సిలికాన్ ఉక్కు రేకులు పేర్చిన కోర్ మీద రెండు రకాల తీగచుట్టలు ఉంటాయి. 11 కిలోవోల్టుల చుట్టలోకి వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలతో దిశ మారుతూ కోర్‌లో అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం మారుతూ ఉండడం వల్ల రెండో చుట్టలో వోల్టేజి పుడుతుంది. మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రం ఇదే. ఒక్కో ఫేజులో మొదటి చుట్టకు 11,000 వోల్టులు, రెండో చుట్టకు 250 వోల్టులు (ఫేజుల మధ్య చూస్తే 433) ఉంటాయి కాబట్టి, మొదటి చుట్టలో సుమారు 44 చుట్లకు రెండో చుట్టలో ఒక్క చుట్టు ఉంటుంది.

చుట్టలకు కాగితపు తొడుగు ఉంటుంది; అవి ట్యాంకులోని ఆయిల్‌లో మునిగి ఉంటాయి. ఆయిల్ వేడిని బయటికి చేర్చడంతోపాటు చుట్టల మధ్య కరెంటు దూకకుండా ఆపుతుంది. పరిమితి దాటిన తర్వాత చుట్ట వేడి సుమారు 6 డిగ్రీలు పెరిగినప్పుడల్లా కాగితం ఆయుష్షు సగానికి పడిపోతుంది. అందుకే ఎక్కువ లోడు పడిన ట్రాన్స్‌ఫార్మర్ ఆ రోజే కాలకపోయినా, కొన్ని వారాల తర్వాతైనా దెబ్బతింటుంది.

లోడు లెక్క

వ్యవసాయానికి ఎక్కువగా 25, 63, 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు వాడతారు. 433 వోల్టుల వైపు పూర్తి లోడు మీద ఇవి ఒక్కో ఫేజుకు వరుసగా సుమారు 33, 84, 133 ఆంపియర్లు ఇవ్వగలవు.

5 హెచ్‌పీ మోటారు నుంచి వచ్చే పని 3.73 కిలోవాట్లు. సామర్థ్యం 80 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే ఆ మోటారు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 5.8 కేవీఏ లాగుతుంది. అంటే 25 కేవీఏ మీద ఇలాంటివి నాలుగు నడిస్తే 23 కేవీఏ దాటుతుంది. ఐదోది ఎక్కితే 29 అవుతుంది. ప్రతి మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ బిగిస్తే పవర్ ఫ్యాక్టర్ 0.95కు పెరిగి, ఒక్కో మోటారు భారం 4.9 కేవీఏకు తగ్గుతుంది. అప్పుడు ఐదు మోటార్లూ పరిమితిలోనే నడుస్తాయి. కెపాసిటర్ ఖర్చు ఒక్కసారి మోటారు కాలితే రీవైండింగ్‌కు పెట్టే ఖర్చు కంటే చాలా తక్కువ.

భూగర్భ జలాలు అడుగంటినప్పుడు 3 హెచ్‌పీ మోటారు తీసి 5 లేదా 7.5 హెచ్‌పీ దించడం మామూలే. ఆ మార్పు విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) రికార్డులో లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ పాత లెక్క ప్రకారమే ఉండిపోతుంది. కొత్త మోటారు దించిన రైతు అదనపు లోడును నమోదు చేయించుకుంటేనే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ గానీ, మరొకటి గానీ మంజూరుకు వీలుంటుంది.

ఒకేసారి ఆన్ కాకుండా

నేరుగా ఆన్ చేసిన మోటారు మొదటి క్షణాల్లో మామూలుకంటే ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. 8 ఆంపియర్లతో నడిచే 5 హెచ్‌పీ మోటారు ఆ క్షణంలో 48 దాకా తీసుకుంటుంది. నాలుగూ ఒకేసారి లేస్తే 33 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ మీద 190 దాకా పడుతుంది. ఆటో స్టార్టర్లు ఉన్నచోట కరెంటు రాగానే జరిగేది ఇదే. తెలంగాణలో 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టినప్పుడు ఆటో స్టార్టర్లను తీసేయాలని రైతులను కోరడానికి ఇదొక కారణం.

ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులు వంతులు వేసుకుని, ఒక మోటారు వేగం అందుకున్నాకే మరొకటి ఆన్ చేయాలి. పెద్ద మోటార్లకు స్టార్-డెల్టా స్టార్టర్ పెడితే మొదట లాగే కరెంటు మూడో వంతుకు తగ్గుతుంది. రెండు ఫేజులే ఉన్నప్పుడు కండెన్సర్లు తగిలించి మోటారు నడపకూడదు. దానివల్ల లోడు రెండు ఫేజుల మీదే పడి చుట్టలు వేడెక్కుతాయి.

నాట్లకు ముందు చూడాల్సినవి

• ట్యాంకు అడుగున, బుషింగుల దగ్గర ఆయిల్ కారుతున్న జాడ ఉంటే వెంటనే లైన్‌మన్‌కు చెప్పాలి. ఆయిల్ తగ్గితే పైభాగపు చుట్టలు మొదట దెబ్బతింటాయి.

• బ్రీతర్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లలో నీలం రంగు సిలికా జెల్ గులాబీ రంగుకు మారితే అది తేమ పట్టినట్టే. మార్పించాలి.

• ఎర్తు తీగ తెగితే ఫేజుల మధ్య వోల్టేజి తేడా పెరిగి పరికరాలు కాలతాయి, ట్యాంకును తాకిన పశువులు చనిపోవచ్చు. ఎర్తు గుంతల్లో బొగ్గు, ఉప్పు ఉండేలా చూసి, వేసవిలో నీళ్లు పోస్తూ తడి ఆరకుండా ఉంచాలి.

• ఫ్యూజులో నిర్ణీత మందం తీగే ఉండాలి. లావు తీగ వేస్తే కరగాల్సిన ఫ్యూజు నిలిచి, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది.

• గద్దె చుట్టూ కలుపు, తీగమొక్కలు తొలగించే ముందు లైన్‌మన్‌తో సరఫరా ఆపించాలి. పశువులను దరిదాపుల్లో కట్టకూడదు.

ప్రాణ రక్షణ, ఫిర్యాదు

ఫ్యూజు పోయిందని రైతు స్వయంగా ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడం ప్రాణాంతకం. 11 కిలోవోల్టుల లైను నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌ను వేరుచేసే ఏబీ స్విచ్ తెరిచినా ఒక బ్లేడు అంటుకునే ఉండవచ్చు. స్విచ్ పైభాగంలో 11 కిలోవోల్టులు ఎప్పుడూ ఉంటాయి. లైన్‌మన్ రావడం ఆలస్యమైనా ఆగాలి. ఒక తడి ఆలస్యమైతే పైరు తేరుకుంటుంది, పోయిన ప్రాణం తిరిగి రాదు.

ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే స్థానిక సిబ్బందికి తెలపడంతోపాటు 1912 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు సంఖ్య రాసుకోవాలి. సేవా ప్రమాణాల ప్రకారం గ్రామాల్లో 48 గంటల్లో డిస్కం దాన్ని మార్చాలి. కొత్తది బిగించాక పాత లోడునే యథాతథంగా ఎక్కిస్తే అదీ కాలుతుంది. అందువల్ల ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్ల హెచ్‌పీలన్నీ కూడి, కెపాసిటర్లు బిగించి, వంతులు ఖరారు చేసుకున్న తర్వాతే మోటార్లు ఆన్ చేయాలి.