జకాత్ లెక్కలో జావా పాఠం

మీ విరాళాలతో నడిచే కంప్యూటర్ తరగతుల్లో పిల్లలు ఏమి నేర్చుకుంటున్నారని దాతలు అడుగుతుంటారు. ఈసారి ఒక పాఠాన్నే మీ ముందు ఉంచుతున్నాము. భాష జావా, లెక్క మాత్రం మనందరికీ తెలిసిన జకాత్‌ది.

ప్రోగ్రామ్‌లో విలువ మారగల పేరు వేరియబుల్. ఒకసారి పెట్టాక మారనిది కాన్‌స్టెంట్. ఆ పేరు ఎంతమేర చెల్లుతుందో అది దాని స్కోప్, అంటే పరిధి. పాతబస్తీలో ఒక గల్లీలో 'బడే భాయ్' అంటే ఒక్కరే. చార్మినార్ దగ్గర నిలబడి అలాగే పిలిస్తే ఎందరు తిరిగి చూస్తారో!

జకాత్ 2.5 శాతం, అంటే 40వ వంతు. ఇది దాతను బట్టి మారదు కనుక క్లాస్‌లో 'స్టాటిక్ ఫైనల్' అని రాయిస్తాము. స్టాటిక్ అంటే ఎందరు దాతలున్నా ఒకే ప్రతి. ఫైనల్ అంటే విలువ మార్చబోతే కంపైలరే ఆపుతుంది. నిసాబ్ తూకమూ ఇలాంటిదే: వెండి 52.5 తులాలు, అంటే 612.36 గ్రాములు. (ఇవి పాత తులాలు. ఇప్పుడు దుకాణాల్లో అనే 10 గ్రాముల తులం కాదు.) వెండి ధర అలా కాదు. అది అందరికీ ఒకటే కనుక స్టాటిక్ కావచ్చు, రోజూ మారుతుంది కనుక ఫైనల్ కారాదు.

దాత సొమ్ము ఎవరిది వారిదే. ఒక్కో దాతకు ఒక్కో ఆబ్జెక్ట్, అందులో సొంత 'సొమ్ము'. దానికి పొరపాటున స్టాటిక్ తగిలించారనుకోండి. మొదటి దాతకు 8 లక్షలు, రెండో దాతకు 4 లక్షలు ఎక్కించి చీటీలు తీస్తే ఇద్దరికీ జకాత్ రూ. 10,000 అనే వస్తుంది. మొదటివారు చెల్లించాల్సింది రూ. 20,000. కంపైలర్ నోరు మెదపదు, ఫర్జ్ మాత్రం సగం మిగిలిపోతుంది.

ఇంకొకటి మరీ గడుసైనది. కన్‌స్ట్రక్టర్‌కు అందిన విలువ పేరు, ఆబ్జెక్ట్‌లోని పేరు రెండూ 'సొమ్ము' అయితే, దగ్గరి పేరు దూరపు పేరును కప్పేస్తుంది. 'సొమ్ము = సొమ్ము' అని రాస్తే అందిన విలువ తనలోకే పోతుంది, ఆబ్జెక్ట్‌లో సున్నాయే మిగులుతుంది. చీటీ మీద 'జకాత్ లేదు' అని వస్తుంది. ఎడమవైపు పేరుకు ముందు 'దిస్' అని రాస్తే సరి. ఆబ్జెక్ట్‌లోని సొమ్మును ఫైనల్ చేసి ఉంటే, దానిలో విలువే పడలేదని కంపైలర్ ముందే పట్టేసేది. అందుకే ఫైనల్ రాయడానికి బద్ధకించవద్దని పిల్లలకు పదేపదే చెబుతాము.

లెక్క మధ్యలో వచ్చే అంకెలకు మెథడ్ లోపలి లోకల్ వేరియబుల్ చాలు. పని ముగియగానే అవీ పోతాయి.

ఇక ధర సంగతి. రమజాన్‌లో ఇచ్చిన చీటీని బక్రీద్‌కు మళ్లీ తీస్తే, అప్పటికి వెండి పెరిగి ఉంటే, జకాత్ పడినవారికి కూడా పడలేదని రావచ్చు. అందుకే చీటీ తయారైన రోజు ధరను ఆ ఆబ్జెక్ట్‌లోనే, స్టాటిక్ లేకుండా ఫైనల్‌గా ఉంచాలి. అప్పుడు ఎన్నాళ్ల తర్వాత తీసినా ఆనాటి లెక్కే వస్తుంది.