తానై మారు పాటలపళ్లెము

హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు బాటపై, నల్లమల అడవిలో మన్ననూరు అను గ్రామము కలదు. అచట ప్రక్కకు మరలి పోయినచో అమ్రాబాదు చేరుదుము. పూర్వము మహబూబ్‌నగరు జిల్లాలోనుండి 2016లో నాగర్‌కర్నూలు జిల్లాలో చేరిన ఈ పీఠభూమిపై చెంచుల పెంటలును, రైతుల పల్లెలును కలవు. ఇచటి విద్యార్థులకు మోదుగచెట్టును వేరుగా చూపనక్కరలేదు. వేసవి రాకముందే ఆకులు రాల్చి, ఎఱ్ఱని పూలతో అడవికి నిప్పంటుకొన్నదా అనిపించు చెట్టది. అట్టి చెట్టునకును, మన తాతలు విన్న గ్రామఫోను పాటలకును సంబంధము కలదని చెప్పినచో మీకు వింతగా తోచవచ్చును.

మోదుగ, రేగు మొదలైన చెట్ల లేతకొమ్మలపై లక్కపురుగు అను మిక్కిలి చిన్న కీటకము నివసించును. అది కొమ్మలోని రసమును పీల్చి, తన శరీరమునుండి ఒక జిగురును స్రవింపజేసి, దానినే ఇల్లుగా చేసికొనును. ఆ జిగురు గట్టిపడినదే లక్క. దానిని గీకి, కడిగి, కరగించి, బట్టలో వడకట్టి పలుచని రేకులుగా చేయుదురు. 1950 ప్రాంతమువరకు లోకమునందలి గ్రామఫోను రికార్డులలో అధికభాగము ఈ లక్కతోనే తయారైనవి. లక్కలో మెత్తని రాతిపొడిని, నల్లదనమునకై మసిని కలిపి, కాచి, అచ్చుల నడుమ నొక్కినచో రికార్డు సిద్ధమగును. లక్కను పండించు దేశములలో మన దేశము ముఖ్యమైనది. అందుచే దాని సంగతులు పరిశోధించుటకు 1924లో రాంచీయొద్ద ఒక సంస్థ ఏర్పడినది.

బల్లపరుపుగానుండు రికార్డును ఎమిల్ బెర్లినర్ 1887లో కనిపెట్టెను. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను నిపుణుడు కలకత్తాకు వచ్చి మన దేశపు గాయకుల కంఠములను మొదటిసారిగా ముద్రించెను. అప్పటి పాటలను జర్మనీలోని హానోవరునకు పంపి రికార్డులుగా నొక్కించి, మరల ఓడలలో తెప్పించుచుండిరి. మన లక్క సముద్రము దాటి పోయి, మన పాటయై తిరిగి వచ్చుచుండెనన్నమాట! 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసినపిదప ఆ ప్రయాస తప్పినది. తెలుగు నాటకపద్యములు, హరికథలు, లలితగీతములు పల్లెపల్లెకు చేరినవి. కపిలవాయి రామనాథశాస్త్రిగారి పద్యములను నాటకశాల మెట్లెక్కనివారును విని నేర్చుకొనిరి. రావు బాలసరస్వతీదేవిగారు బాల్యముననే రికార్డులకు పాడిరి.

కరెంటు లేని ఊళ్లకు కీ యిచ్చి త్రిప్పు గ్రామఫోను ఎంతయో అనుకూలమైనది. పెండ్లిపందిరిలో మైకుసెట్టువాడు రికార్డు పెట్టగనే పిల్లలు చుట్టును మూగెడివారు. అయితే ఒక రికార్డు మూడునిమిషములకే ముగియును. ముగిసినపుడెల్ల లేచి, ముల్లెత్తి, రికార్డు త్రిప్పి, మరల కీ యీయవలసినదే. ఈ శ్రమను తప్పింపవలెనని అమెరికాలోని విక్టర్ కంపెనీ 1927లో రికార్డులను తానై మార్చుకొను యంత్రమును అమ్మకమునకు పెట్టెను. తరువాతి కాలమున ఇంగ్లండులోని గ్యారర్డ్, బి.ఎస్.ఆర్. కంపెనీలవారి యంత్రములు దేశదేశములకు వ్యాపించినవి. మన పట్టణములలోని సంపన్నుల ఇండ్లకు అవి రేడియోగ్రాములలో అమరి వచ్చినవి. నేడు అట్టి యంత్రములు అనేకము అటకలపై దుమ్ము కప్పుకొని పడియున్నవి. వానిని బాగుచేయు పనిని గూర్చియే ఈ పాఠము.

మొదట ఆ యంత్రము ఎట్లు పనిచేయునో తెలియవలెను. అది తెలియక మర చీల ఊడదీయుట వైద్యము తెలియక కత్తి పట్టుటవంటిది. పళ్లెము నడుమ ఒక పొడవైన కడ్డీ నిలిచియుండును. ఏడెనిమిది రికార్డులను దానికి గ్రుచ్చి, పైన ఒక కొయ్యవంటి చేతితో అదిమి పెట్టుదురు. అడుగునున్న రికార్డు ఒక్కటియే పళ్లెముమీదికి జారును. ముల్లున్న చేయి తానే లేచి వచ్చి దాని అంచున వ్రాలును. పాట ముగియగనే చేయి తొలగి, రెండవ రికార్డు క్రిందికి దిగును. ఇందులో కంప్యూటరు లేదు. పాట ముగిసినదని ఆ ఇనుపముక్కలకు చెప్పినదెవరు?

పళ్లెము అడుగుభాగమున, దాని నాభికి చిన్న పండ్లచక్రము బిగింపబడియుండును. దానిప్రక్కనే ఒక పెద్ద పండ్లచక్రము కలదు. ఈ పెద్దచక్రపు అంచున ఒకచోట పండ్లు లేవు. రికార్డు మ్రోగునంతసేపు ఆ బోసిచోటు చిన్నచక్రమునకు ఎదురుగా నిలిచియుండును. కావున చిన్నది ఎంత తిరిగినను పెద్దది కదలదు. పెద్దచక్రముమీద మిక్కిలి తేలికైన చిన్న మీట ఒకటి కలదు. ముల్లు లోపలికి జరిగినకొలది, చేతి అడుగుభాగము ఆ మీటను నాభివైపునకు నెట్టుచుండును. నాభికి ఒక చిన్న ముక్కు ఉన్నది. అది ప్రతి చుట్టునకును వచ్చి మీటను తాకి వెనుకకు త్రోయును.

ఇపుడు కొంచెము లెక్క వేయుడు. ఎల్.పి. రికార్డు నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగును. ఒకవైపు పాట ఇరువది నిమిషములు సాగినచో సుమారు 667 చుట్లగును. ఈ చుట్లన్నియు దాదాపు 85 మిల్లీమీటర్ల వెడల్పులో ఇమిడియున్నవి. అనగా ముల్లు ఒక చుట్టునకు మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు మాత్రమే లోపలికి జరుగును. అంత చిన్న నెట్టుడును నాభిముక్కు సులభముగా వెనుకకు త్రోయగలదు. కాని పాట ముగిసినచోట గాడి వేగముగా లోపలికి మళ్లును. అచట ముల్లు ఒకే చుట్టులో అనేక మిల్లీమీటర్లు దూకును. అపుడు మీట నాభికి మరీ దగ్గరగా వచ్చి పడును. ముక్కు దానిని త్రోయలేక, దాని కొన పట్టుకొని లాగును. పెద్దచక్రము ఇంచుక కదలును. దాని పండ్లు చిన్నచక్రపు పండ్లతో కలిసికొనును. ఇక పెద్దచక్రము ఒక పూర్తి చుట్టు తిరుగును. ఆ ఒక్క చుట్టులోనే చేయి పైకి లేచుట, ప్రక్కకు తొలగుట, క్రొత్త రికార్డు జారుట, చేయి మరల వచ్చి వ్రాలుట అన్నియు జరుగును. చివర బోసిచోటు మరల ఎదురుగా రాగా పెద్దచక్రము నిలిచిపోవును. పాట ముగిసినదని యంత్రమునకు తెలిపినది ముల్లు దూకిన దూరము. ఇంత తెలివిని కొన్ని రేకుముక్కలలో ఇమిడ్చినవారిని మెచ్చుకొనకుండ ఉండలేము.

ముప్పది నలుబది ఏండ్లు అటకపై నున్న యంత్రమున సాధారణముగా ఏ భాగమును విరిగియుండదు. కర్మాగారమున పూసిన గ్రీజు ఎండి మైనమువలె గట్టిపడియుండును. చాలవరకు రోగము అదియే. చేయి కదలదు, పెద్దచక్రము సగము తిరిగి ఆగిపోవును, లేదా పాట ముగిసినను ముల్లు చివరి గాడిలోనే టక్కుటక్కుమని కొట్టుకొనుచుండును. అపుడు తెలియనివారు చేతిని బలవంతముగా లాగుదురు. అంతవరకు విరుగని భాగము అపుడు విరుగును. మీటను గూర్చి మరియొక సంగతి గమనింపవలెను. దానిని నెట్టుబలము ముల్లునకు గాడి గోడనుండియే వచ్చును. మీట ఇరుసులో గ్రీజు గట్టిపడినచో ఆ బరువంతయు గాడి గోడపై పడి, రికార్డు అరిగిపోవును. యంత్రపు రోగము పాటకు సంక్రమించుట యనగా ఇదియే.

కావున బాగుచేయువాడు మొదట కరెంటు తీగను గోడనుండి ఊడదీయవలెను. స్విచ్చి ఆపినంతమాత్రమున చాలదు. విద్యార్థులు ఈ పనిని పెద్దలు దగ్గర లేకుండ చేయరాదు. పిదప చేతిని దారముతో కట్టి, పళ్లెమును మెల్లగా పైకి తీయవలెను. విప్పుటకు ముందు ప్రతిభాగమును చిత్రముగా గీసికొనుటయో, ఫోనుతో ఫొటో తీసికొనుటయో మంచిది. సన్నని స్ప్రింగులును, ఇరుసులను పట్టియుంచు చిన్న బిళ్లలును విప్పగనే మిడుతలవలె ఎగురును. అందుచే పెద్ద తాంబాళములో తెల్లని బట్ట పరచి, దానిపైననే పని చేయవలెను.

ఇనుపభాగముల గ్రీజును కిరసనాయిలుతో కరగించి, తుడిచి, ఆరబెట్టవలెను. జారు భాగములకు క్రొత్త గ్రీజు పలుచగా పూయవలెను. మోటారులోని కంచు బేరింగులకు రెండు చుక్కల కుట్టుమిషను నూనె చాలును. కాని ఇందాక చెప్పిన మీటకు మాత్రము ఒక్క చుక్కయు వేయరాదు. నూనె నాళ్లు గడచినకొలది జిగురుగా మారి మీటను మరల బంధించును. అది పొడిగానే తేలికగా ఊగవలెను. అన్నిటికిని నూనె పోయుటయే మరమ్మతని తలచువారు ఇచటనే చిక్కులో పడుదురు.

మోటారు బలమును పళ్లెమునకు అందించునది రబ్బరు అంచుగల చిన్న చక్రము. దీనికి కిరసనాయిలు తగులరాదు. రబ్బరు ఉబ్బి పాడగును. దీనిని స్పిరిటుతో తుడువవలెను. యంత్రపు మీటతో ఆపినచో ఈ చక్రము మోటారునుండి తొలగి ఊపిరి పీల్చుకొనును. గోడస్విచ్చితో ఆపిపెట్టిన ఇండ్లలో అది ఏండ్లతరబడి ఒకేచోట నొక్కుకొనియుండి సొట్టపోవును. అపుడు పాటవెనుక ధడధడమను చప్పుడు వినవచ్చును. సొట్ట చిన్నదైనచో లేతుపై అంచును సమముగా తీయింపవచ్చును. పెద్దదైనచో క్రొత్త రబ్బరు తొడిగింపవలసినదే.

ఆ స్పిరిటు సీసా చేతిలో నుండగనే దుమ్ముపట్టిన పాత రికార్డును గూడ దానితో తుడువవలెనను కోరిక పుట్టవచ్చును. అట్లు చేసిన క్షణమే సర్వనాశము! వడ్రంగులు తలుపులకు పూయు లక్కపాలిషు చూచితిరా? అది స్పిరిటులో కరగిన లక్కయే. లక్క నీటిలో కరగదు, స్పిరిటులో కరగును. రికార్డును స్పిరిటుతో తుడిచినచో నల్లని మరక బట్టకు అంటును. ఆ మరకయే పాట. కొన్ని పద్యములకు ఊరిలోనేకాదు, రాష్ట్రమంతటను ఒకటి రెండు ప్రతులే మిగిలియుండవచ్చును. లక్కరికార్డును చల్లని నీటిలో తడిపిన మెత్తని గుడ్డతో గాడివెంట తుడిచి, నడుమనున్న కాగితమును తడియనీయక, వెంటనే ఆరబెట్టవలెను. 1948లో కొలంబియా కంపెనీ వెలువరించిన ఎల్.పి.లు లక్కవి కావు. వినైల్ అను ప్లాస్టిక్కువి. లక్కరికార్డు చేయి జారినచో పగులును. వినైలు పగులదు గాని ఎండలో వంకరపోవును. ఏది దేనితో చేసినదో తెలిసికొనకుండ దేనిని ముట్టినను ప్రమాదమే.

ముల్లు విషయమునను ఇట్టి భేదమే కలదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు లక్కరికార్డుల గాడి వెడల్పైనది. దానికి కొన గుండ్రము అంగుళములో వెయ్యింట మూడువంతుల వ్యాసార్ధముగల ముల్లు తగును. ఎల్.పి. గాడికి వెయ్యింట ఒక వంతు చాలును. పెద్దముల్లును ఎల్.పి.పై పెట్టినచో గాడిని దున్నివేయును. చిన్నముల్లు లక్కగాడి అడుగున పడి రాతిపొడిలో కరకరలాడును. అందుచే ఆ యంత్రములలో అనేకమునకు త్రిప్పి పెట్టుకొను రెండు ముల్లులు అమర్చిరి. కీ గ్రామఫోను ఉక్కుముల్లు ఒక్కవైపు పాటకే అరిగిపోవును. ప్రతివైపునకును క్రొత్తది మార్చవలెను. ఒక పైసా ముల్లునకు లోభించి అరిగినదానితోనే ఊరంతటికి పాట వినిపించిన మైకుసెట్లవలన బూడిదరంగుకు తిరిగిన గాడులను నేటికిని చూడవచ్చును.

ముల్లు కదలికను విద్యుత్తుగా మార్చు పాత పెట్టెలలో రోషెల్ లవణమను స్ఫటికము వాడిరి. అది తేమకును, సుమారు 55 డిగ్రీల వేడికిని చెడిపోవును. మన వేసవిలో రేకులకప్పు క్రింది అటక ఎంత కాగునో చెప్పనక్కరలేదు. యంత్రము చక్కగా తిరుగుచు శబ్దము మాత్రము రానిచో స్ఫటికమును అనుమానింపవలెను. దానిని బాగుచేయలేము, మార్చుటయే గతి.

అమెరికాలోనున్న బంధువులు ముచ్చటపడి అచటి పాతయంత్రమును తెచ్చి యిచ్చిన ఇండ్లలో మరియొక చిక్కు కలదు. అచటి కరెంటు 110 నుండి 120 వోల్టులది. మన కరెంటును అంతకు తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు లేక గోడకు తగిలించినచో మోటారు మాడిపోవును. ట్రాన్స్‌ఫార్మరు పెట్టినను పాట ఈడ్చుకొనుచు సాగును. అచటి కరెంటు సెకనుకు 60 సార్లు ఊగును. మనది 50 సార్లు. అందుచే 78 చుట్లు తిరుగవలసినది 65 మాత్రమే తిరుగును. మోటారు కొనయందలి కప్పీని ఐదింటికి ఆరు నిష్పత్తిలో పెంచి, అనగా ఐదు పాళ్లున్నదానిని ఆరు పాళ్లుగా చేయించి వేసినచో వేగము సరిపడును.

అన్నియు బిగించినపిదప మొదటి పరీక్షకు మంచి రికార్డు పెట్టరాదు. పగుళ్లుపట్టి పనికిరాని రెండు రికార్డులను గ్రుచ్చి, పళ్లెపు అంచున కాగితపుముక్క నిలిపి, గడియారము చూచుచు ఒక నిమిషములో ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కింపవలెను. రెండవ రికార్డు ముగియగనే కడ్డీపై మరి రికార్డు లేనందున పైచేయి క్రిందికి వ్రాలియుండును. దానిని గుర్తించి యంత్రము ముల్లును దాని గూటిలో నుంచి, మోటారును ఆపవలెను. పదిసార్లు వరుసగా అట్లు జరిగినపిదపనే పాత పద్యముల రికార్డును పళ్లెముపై పెట్టవచ్చును. లక్కరికార్డులను మాత్రము గుత్తిగా గ్రుచ్చక ఒక్కొక్కటిగా పెట్టుటయే మేలని నా తలంపు. ఒకదానిపై ఒకటి పడినపుడు పాతవి పగులగలవు. మొదటిసారి మ్రోగునపుడే ఆ పాటను కంప్యూటరులోనికి ఎక్కించి, రికార్డు నడుమ కాగితముపైనున్న గాయకుని పేరును, సంఖ్యను వ్రాసికొనవలెను. పిమ్మట దానిని క్రొత్త కాగితపుసంచిలో పెట్టి, పుస్తకమువలె నిలువుగా, ఎండ తగులని గోడప్రక్కన ఉంచవలెను.