గరిక కోసే మోవర్ కొనే ముందు

టెక్సస్‌లోని ప్లేనోకి మేము వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో నాలుగు లాన్ మోవర్లు వాడాను. మొదటి రెండూ పెట్రోలువి, తర్వాతి రెండూ బ్యాటరీవి. మొన్న మార్చిలో మా అమ్మాయి వాళ్లు ఫ్రిస్కోలో ఇల్లు కొన్నారు. "మామయ్యగారూ, బ్యాటరీ మోవర్ ఏది తీసుకోమంటారు?" అని అల్లుడుగారు అడిగితే ఫోన్లో రెండు ముక్కల్లో తేలలేదు. కాగితం మీద రాసిచ్చాను. కొత్తగా ఇళ్లు కొన్న మన పిల్లలు ఇంకొందరు కూడా అడుగుతున్నారని దాన్నే కాస్త విడమరిచి ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు మీ గడ్డి ఏదో తెలుసుకోండి.

మా అమ్మ మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు పెరట్లోకి వెళ్లి, వంగి ఒక పోచ తుంచి చూసింది. "ఇది గరికే కదరా! మనం చేలో పీకలేక చచ్చేదాన్ని నువ్వు నీళ్లు పోసి పెంచుతున్నావా?" అంది. ఆమె మాట అక్షరాలా నిజం. ఇక్కడ బెర్ముడా అనేదీ మన గరికా ఒకే జాతి, శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. పచ్చిక కోసం సంకరం చేసిన రకాలు కూడా ఉన్నాయి గానీ అవీ ఆ వంశానివే. గరిక నేలను అంటిపెట్టుకుని పాకుతుంది కనుక ఒకటి, రెండు అంగుళాల ఎత్తున కోస్తేనే తివాచీలా దట్టంగా అల్లుకుంటుంది. ఇదే ఊళ్లో చెట్ల నీడ ఉన్న ఇళ్లలో వెడల్పాకుల సెయింట్ అగస్టీన్ వేస్తారు. దాన్ని రెండున్నర అంగుళాలకు పైనే ఉంచాలి, లేకపోతే ఎండకు మాడిపోతుంది.

ఇక మోవర్ సంగతి. కొన్ని మోవర్లు ఎంత దించినా ఒకటిన్నర అంగుళం దగ్గరే ఆగిపోతాయి. సెయింట్ అగస్టీన్ ఉన్నవారికి దాంతో ఇబ్బంది లేదు. బెర్ముడా వాళ్లు మాత్రం కొనేముందే కనిష్ఠ ఎత్తు ఎంతో చూసుకోవాలి. శీతాకాలం పోయాక ఎండిన గడ్డిని నేలబారుగా కోస్తేనే కింది నుంచి పచ్చదనం త్వరగా లేస్తుంది. ఆ ఒక్క పనికి కిందకు దిగని మోవర్ నన్ను రెండేళ్లు ఇబ్బంది పెట్టింది.

2. ఇంటి స్థలాన్ని కాదు, గడ్డిని కొలవండి.

మాది 8,400 చదరపు అడుగుల స్థలం. ఇల్లు, డ్రైవ్‌వే, వెనక సిమెంటు అరుగు తీసేస్తే గడ్డి మిగిలేది 4,300. నేను టేపు పట్టుకుని కొలిచాకే ఈ లెక్క తేలింది. 21 అంగుళాల డెక్ (బ్లేడు తిరిగే అడుగు భాగం) ఉన్న మోవర్‌తో కోసేటప్పుడు పక్క వరసను మూడంగుళాలు కలుపుకుంటాం కనుక ఒక్కో వరసకు అడుగున్నర వెడల్పు వస్తుంది. అంటే ఆ గడ్డంతా కోయడానికి దాదాపు 2,870 అడుగులు, కిలోమీటరుకు కాస్త తక్కువ నడవాలి. మలుపులు, చెట్ల చుట్టూ తిరగడాలు కలిపి నాకు అరగంట పడుతుంది. మీ లెక్క మీరు వేసుకోండి. అది చేతిలో ఉంటే దుకాణంలో ఎవరు ఏం చెప్పినా తడబడరు.

3. వోల్టుల్ని ఒక్కటే చూడకండి.

అందరూ పొరపడేది ఇక్కడే. 40 కన్నా 56 మేలు, 56 కన్నా 80 మేలు అనుకుంటారు. బ్యాటరీలో ఎంత శక్తి ఉందో తెలియాలంటే వోల్టుల్ని ఆంపియర్-అవర్లతో గుణించాలి. 40 వోల్టులు, 6 ఆంపియర్-అవర్లయితే 240 వాట్-అవర్లు. 56 వోల్టులు, 5 అయితే 280. అదే 80 వోల్టులకు 2 ఆంపియర్-అవర్ల బ్యాటరీ జతచేసి అమ్మితే 160 మాత్రమే. నీళ్ల ట్యాంకు ఎంత ఎత్తున ఉందన్నది వోల్టులనుకుంటే, అందులో ఎన్ని నీళ్లున్నాయో చెప్పేవి ఆంపియర్-అవర్లు. రెండూ కలిపి చెప్పేవి వాట్-అవర్లు. ఇంకో మాట కూడా ఉంది. పెట్టె మీద వేసే 40 వోల్టులు నిండుగా చార్జ్ అయినప్పటి అంకె. వాడకంలో సగటున 36 దగ్గర నడుస్తుంది.

పెట్టె మీద 45 నిమిషాలని ఉన్న బ్యాటరీ, చిక్కటి బెర్ముడాలో, మే నెల వానల తర్వాత, నాకు 25 నిమిషాలే వచ్చింది. అందులో అబద్ధమేమీ లేదు. పల్చటి ఎండు గడ్డి మీద బహుశా 45 వస్తుంది. పెట్టె మీది అంకె మీ అవసరానికి దాదాపు రెట్టింపు ఉండేలా తీసుకోండి, లేదా రెండు బ్యాటరీలు పెట్టుకోండి.

4. ఎవరు తోస్తారో వాళ్లనే దుకాణానికి తీసుకెళ్లండి.

ఈ పాఠం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పెట్రోలు మోవర్ ఉన్నన్నాళ్లూ గడ్డి కోత నా పనే. తాడు లాగితే గానీ అది స్టార్ట్ కాదు, మా ఆవిడ భుజం నొప్పితో లాగలేదు. నాకు మోకాలి ఆపరేషన్ అయిన వేసవిలో గడ్డి మోకాళ్ల దాకా పెరిగి, కాలనీ సంఘం నుంచి నోటీసు వచ్చింది. పక్కింటివాళ్లు కోసిపెట్టారు. ఆ తర్వాత కొన్న బ్యాటరీ మోవర్‌ను ఆమే ఎంచుకుంది. దుకాణంలో అటూ ఇటూ తోసి చూసింది, హ్యాండిల్ తన ఎత్తుకు దించింది, బటన్ నొక్కి చూసింది. నేను కొందామనుకున్న బరువైన సెల్ఫ్ ప్రొపెల్డ్‌ను పక్కన పెట్టించి, తేలిగ్గా ఉన్నదాన్ని తీసుకుంది. మాది చదునైన పెరడు కనుక సరిపోయింది. ఏటవాలు ఉంటే మాత్రం బరువైనా చక్రాలు తమంతట తాము తిరిగే రకమే తీసుకోవాలి. ఇప్పుడు ఆదివారం పొద్దున్న ముందు పెరడు ఆమెది, వెనకది నాది.

5. ఒకే రకం బ్యాటరీ.

మోవర్‌కు ఒక కంపెనీ, ట్రిమ్మర్‌కు ఇంకొకటి, బ్లోయర్‌కు మరొకటి కొన్నాను. గరాజ్ గోడకు మూడు చార్జర్లు వేలాడాయి, ఒకదాని బ్యాటరీ ఇంకోదానికి పట్టదు. మొదటి కొనుగోలే మిమ్మల్ని ఒక కంపెనీకి కట్టేస్తుంది, అందుకని ఆ కంపెనీ మిగతా పనిముట్లు కూడా చూసి కొనండి. విడి బ్యాటరీ ధర కూడా అప్పుడే అడగండి. పెద్ద బ్యాటరీ అయితే మోవర్ ధరలో సగం దాకా ఉండొచ్చు.

6. గరాజ్‌లో బ్యాటరీ ఉంచకండి.

మా మొదటి బ్యాటరీ మూడో వేసవికే సగం పని చేసే స్థితికి వచ్చింది. తప్పు నాదే. ఆగస్టులో ఇక్కడ మూసిన గరాజ్ లోపల 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. నేను అక్కడే నిండుగా చార్జ్ చేసి వదిలేసేవాణ్ణి. లిథియం అయాన్ బ్యాటరీకి వేడీ, నిండు చార్జూ రెండూ కలిసి వస్తే ఆయుష్షు తరిగిపోతుంది. ఇప్పుడు కోత అయ్యాక అరగంట చల్లారనిచ్చి, బట్టలుతికే గదిలోకి తెచ్చి చార్జ్ పెడతాం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సగం చార్జ్‌తో అల్మారాలో ఉంటుంది. గడ్డకట్టే చలిలో చార్జ్ చేయకూడదు, అదీ గుర్తుంచుకోండి. రెండో బ్యాటరీకి ఇది ఆరో వేసవి.

7. చప్పుడు లేదని చెయ్యి పెట్టకండి.

ఇది మిగతా అన్నిటికన్నా గట్టిగా చెబుతున్నాను. పెట్రోలు ఇంజను మోతే మనల్ని దూరం ఉంచేది. బ్యాటరీ మోవర్ నిశ్శబ్దంగా ఉంటుంది, ఆగినట్టే అనిపిస్తుంది. హ్యాండిల్ వదిలిన మూడు సెకన్లలో బ్లేడు ఆగాలని అమెరికాలో 1982 నుంచి నిబంధన ఉంది. అంటే ఆ మూడు సెకన్లూ అది తిరుగుతూనే ఉండొచ్చు. తడి గడ్డి డెక్ కింద ఇరుక్కుంటే మోవర్ తాళంచెవి తీసేయండి, బ్యాటరీ కూడా బయటికి తీసి నేల మీద పెట్టండి, అప్పుడే వంచండి. బ్లేడు సానపెట్టేటప్పుడూ అంతే. చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో తాళంచెవి మోవర్‌కే వదిలేయవద్దు.

8. కోసిన గడ్డి అక్కడే వదలండి.

సంచీలో నింపితే రెండు వరసలకోసారి ఆగి ఖాళీ చేయాలి. పోచ పొడవులో మూడో వంతుకు మించకుండా కోస్తే ముక్కలు నేలలోకి దిగి ఎరువవుతాయి. అందుకని మల్చింగ్, అంటే గడ్డిని ఇలా సన్నగా తరిగి నేల మీదే వదలడం, బాగా చేసేదే ఎంచుకోండి.

9. చవితికి ఒక మూల ఉంచండి.

ఆగస్టు మధ్య నుంచి వెనక కంచె పక్కన నాలుగడుగుల వరస నేను కోయను. అక్కడ కలుపు మందు కొట్టను. అమ్మ ఉన్నన్నాళ్లూ వినాయక చవితి పొద్దున్న స్నానం చేసి వచ్చి ఆ వరసలోంచే గరిక కోసేది. ఇప్పుడు మా మనవరాలు బుట్ట పట్టుకుని వస్తుంది. ఫ్రిస్కోలో వాళ్ల పెరట్లో వేసిన గడ్డి ఇంకా వేళ్లూనలేదు, ఈ ఏడు కూడా ఇక్కడికే రమ్మన్నాను.