గ్రుడ్లు పగులుట – దాని నివారణ

మన సంఘ సభ్యులలో పలువురి పెరడులలో పదియో యిరువదియో పెట్టలు గలవు. వాని మేతను గూర్చియు, టీకాలను గూర్చియు చాలమంది శ్రద్ధ వహించుచున్నారు. కాని పెట్టిన గ్రుడ్డు గూటినుండి బుట్టలోనికి వచ్చులోపల నెట్లు చెడుచున్నదో విచారించువారు తక్కువ. 20 పెట్టలు దినమునకు 12 గ్రుడ్లు పెట్టుచుండగా వానిలో 2 పగిలినయెడల, నెలకు 60 గ్రుడ్లు పోయినట్లే. వానికై పెట్టిన మేత మాత్రము ఖర్చయియే యున్నది. పెక్కిండ్లలో గ్రుడ్ల సొమ్ము ఇల్లాలి చేతిసొమ్ము. పిల్లల పుస్తకములకును, ఉప్పుపప్పులకును అదియే యాధారము. కావున నీ నష్టమును చిన్నదని త్రోసివేయరాదు.

పగులు ఎందువలన?

గ్రుడ్డు పగిలినంతనే మనము మేతను తప్పుపట్టుదుము. మేమెరిగిన యొక యింట నట్లే జరిగినది. ఆ యిల్లాలు రెండు వారములు ఆలిచిప్పల నలుగు కొని పెట్టినను పగుళ్లు తగ్గలేదు. తుదకొకనాటి యుదయమున గూటి యెదుట కూర్చుండి చూడగా, నాలుగు పెట్టెలున్నను మూడు పెట్టలు మూలనున్న చీకటి పెట్టెలోనికే దూరుచుండెను. గడ్డి ప్రక్కలకు చెదరి నడుమ పలక బయటపడియుండెను. పెట్ట గ్రుడ్డు విడుచునపుడు కొంచెము లేచి నిలుచును. గ్రుడ్డు వట్టి పలకపై బడి పగులుచుండెను. ముందు పెట్టినవి కాళ్లక్రింద నలుగుచుండెను. లోపము మేతలో లేదు, గూటిలో నున్నది.

కావున మొదట పగిలిన గ్రుడ్డును పరీక్షింపవలెను. పెంకు గట్టిగానుండి యొకచోట సొట్టపడియున్న నది దెబ్బవలన కలిగినది. పెంకు పలుచగనో, గరుకుగనో, తోలువలె మెత్తగనో యున్న, మేత, ఎండ, వయస్సు, వ్యాధి అనువానిని విచారింపవలెను. ఏడు దినములు ఏ పెట్టెలో ఎన్ని పగిలినవో గోడపై గీతలు గీసికొన్నచో కారణము తనంతట తెలియును.

గూటి యేర్పాటు

ప్రతి నాలుగైదు పెట్టలకు ఒక పెట్టె యుండవలెను. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు సామాన్యముగా చాలును. హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధన సంస్థవారు రూపొందించిన వనరాజ నాటుపెట్టకంటె బరువైనది. దానికి మరి రెండంగుళము లెక్కువ యుంచుట మేలు. అడుగున గోనెపట్ట మడచి పరచి, దానిపై మూడంగుళముల మందమున పొడి వరిగడ్డి గాని ఊక గాని వేయవలెను. అది చెదరకుండ ముందువైపున నాలుగంగుళముల అడ్డుపలక కొట్టవలెను. తడిసిన గడ్డిని వెంటనే మార్చవలెను.

పెట్టెలన్నియు నొకే విధముగా చీకటిగను, గాలి తగులునట్లును ఉన్న, అన్నియు నొకదానిలోనికే దూరవు. రాత్రి వ్రాలు కఱ్ఱ పెట్టెలకంటె ఎత్తున నుండవలెను. లేనిచో కోళ్లు పెట్టెలలోనే నిద్రించి రెట్టతో పాడుచేయును.

గ్రుడ్లు తీయు వేళ

హెచ్చు గ్రుడ్లు మధ్యాహ్నమునకు లోపలనే పెట్టబడును. కావున ఉదయము రెండుసార్లు, మధ్యాహ్న మొకసారి, సాయంకాల మొకసారి తీయుట మంచిది. పొదుగుటకు కూర్చున్న పెట్టను వేరు గంపలో నుంచవలెను. పగిలిన గ్రుడ్డును గూటిలో విడువరాదు. ఒకసారి దాని రుచి మరగిన కోడి తానే గ్రుడ్లను పొడిచి తినజొచ్చును; దానిని చూచి తక్కినవియు నేర్చుకొనును.

పెంకు బలము

పెంకులో నూటికి తొంబదికి పైగా సున్నపురాతి పదార్థమే. ఒక్కొక్క పెంకునకు సుమారు 2 గ్రాముల కాల్షియము కావలెను. నాటుపెట్టకు పెరటి మేతలో దొరకునది సరిపోవచ్చును గాని, గ్రామప్రియవంటి హెచ్చుగ గ్రుడ్లు పెట్టు జాతికి చాలదు. పెంకు ఏర్పడుటకు సుమారు 20 గంటలు పట్టును; అందధికభాగము రాత్రివేళనే జరుగును. కావున సాయంకాలమున ఆలిచిప్పల నలుగును వేరొక మూకుడులో నుంచవలెను. మెత్తని పొడికంటె పలుకులు మేలు. అవి కడుపులో నిలిచి రాత్రియంతయు మెల్లగా కరగును. గోడలకు వేయు సున్నమును పెట్టరాదు. గ్రుడ్లకు రాని పడుచుపెట్టలకు ఆలిచిప్పలు హెచ్చుగ పెట్టుటయు హానియే.

వేసవిలో కోడి నోరు తెరచి రొప్పునపుడు రక్తములోని బొగ్గుపులుసు గాలి తగ్గి పెంకు పలుచబడును. నీడయు, చల్లని నీరును అప్పటి మందు. వయస్సు మీరిన పెట్ట పెద్ద గ్రుడ్డు పెట్టును గాని పెంకు పలుచన. పెక్కు పెట్టలు ఒక్కసారిగా తోలుగ్రుడ్లు పెట్టిన, కొక్కెర తెగులు మొదలగు వ్యాధి నెంచి పశువైద్యునకు చూపవలెను.

పగిలినవాని నేమి చేయవలెను?

లోపలి పొర చినుగనిదానిని ఆనాడే బాగుగ నుడికించి తినవచ్చును. కారుచున్నదానిని పారవేయవలెను. పగిలిన గ్రుడ్డు పొదుగుటకు పనికిరాదు. అమ్మకపు బుట్టలోనికి దానిని రానీయరాదు. అది కారి ప్రక్కవానిని చెఱచును, ఒక్కరి యజాగ్రత్తవలన పదిమంది సరకునకు మాట వచ్చును. చీకటిలో దీపమున కెదురుగా పట్టి చూచిన సన్నని బీటయు కనబడును.

మా సలహా యొక్కటే: ముందు గూడు చూడుడు, తరువాత మేత కొనుడు. ఒక గోనెపట్టయు, నాలుగు పిడికిళ్ల గడ్డియు చేయగల మేలును సొమ్ము పోసి కొననేల?