వేసవి పరిశోధన శిక్షణ: లాభమెంతో తూచడం ఎలా?

వేసవి సెలవుల్లో మన హాస్టలు విద్యార్థులు చాలామంది మల్బరీ తోటల్లో పనికో, బెంగళూరులో కట్టడం పనికో పోతారు. ఆ రెండు నెలల కూలి ఇంటికి ఆసరా. అదే రెండు నెలలు ప్రయోగశాలలో గడిపే దారి కూడా ఉంది. సి.వి.రామన్ 1934లో బెంగళూరులో స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీ, అలహాబాదు అకాడమీలతో కలిసి ఏళ్లుగా నిర్వహిస్తూ వచ్చిన వేసవి పరిశోధన ఫెలోషిప్ అలాంటిదే. ఎంపికైన విద్యార్థి ఒక శాస్త్రవేత్త దగ్గర రెండు నెలలు పనిచేసి చివర నివేదిక ఇవ్వాలి. నెలభత్యం, రైలు ఛార్జీ ఇస్తారు.

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. "కూలి వదులుకుని పోతే ఏమొస్తుంది?" అని అమ్మానాన్నలు అడిగితే సర్టిఫికెట్టు చూపించడం జవాబు కాదు. అందుకు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

1. ఎవరు చేరగలిగారు? దరఖాస్తుకు ఏం చేయదలచుకున్నామో చిన్న వ్యాసం, అధ్యాపకుని సిఫారసు లేఖ కావాలి. పెద్ద కాలేజీ విద్యార్థికి ఇవి సులువు. మనకు చెప్పేవారే తక్కువ. భత్యం మొదట ఇస్తారా, చివర ఇస్తారా? చివరే ఇస్తే అంతవరకు గది అద్దె, భోజనం ఎవరు పెట్టుకోవాలి? ఈ కారణంగా ఆగిపోయినవారిని కూడా లెక్కలో రాయాలి.

2. ఏం పని చేశారు? తమకంటూ ఒక ప్రశ్న ఇచ్చారా, సీసాలు కడిగించి పంపారా? వారానికి ఒకసారైనా గైడు కూర్చుని మాట్లాడారా?

3. పోకపోయి ఉంటే ఏమయ్యేది? ఇది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. ఎరువు వేసిన చేను బాగా పండిందంటే చాలదు. అదే నేల, అదే వాన, ఎరువు వేయని చేను పక్కన ఉంటేనే తేడా తెలుస్తుంది. అసలే సారమున్న చేను అయితే ఎరువు లేకున్నా పండేదేమో! బాగా చదివేవారినే ఎంపిక చేసినప్పుడు కూడా అంతే.

అమెరికాలో డేవిడ్ లోపాటో 2004లో 41 సంస్థలకు చెందిన 1,135 మంది విద్యార్థుల అభిప్రాయాలు ప్రకటించారు. ఎక్కువమంది మేలు జరిగిందన్నారు. అయితే అది వారి మాట మాత్రమే; పక్క చేను లేదు. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ శాఖలో నల్లజాతి విద్యార్థుల కోసం 1988లో మొదలై, తర్వాత అందరికీ తెరిచిన మేయర్‌హాఫ్ పథకంలో పోలిక ఉంది. సీటు వచ్చినా చేరకుండా వేరే చోట చదివినవారితో పోల్చితే, చేరినవారు పీహెచ్.డి. వైపు వెళ్లడం సుమారు ఐదు రెట్లు ఎక్కువ. కానీ అక్కడ పరిశోధన ఒక్కటే కాదు. స్కాలర్‌షిప్పు, కలిసి చదవడం, పెద్దల సలహా అన్నీ ఉన్నాయి. రెండు నెలల శిక్షణ ఒంటరిగా అంత ఫలితమిస్తుందని అనుకోరాదు.

కాబట్టి ఈ వార్షికోత్సవం నుంచి హాస్టలులో ఒక రిజిస్టరు పెడదాం. శిక్షణకు పోయినవారు, దరఖాస్తు చేసినా రానివారు, వచ్చినా డబ్బు లేక పోలేనివారు, ముగ్గురినీ రాద్దాం. రెండేళ్ల తర్వాత ఎవరెక్కడున్నారో మళ్లీ రాద్దాం. బెంగళూరులో ఉన్న పూర్వ విద్యార్థి అన్నలు భత్యం వచ్చేదాకా ఒక తమ్ముడికి గదిలో చోటిస్తే, మూడో వరుసలో పేర్లు తగ్గుతాయి.

తమ్ముళ్లూ, అధ్యాపకుని దగ్గరికి లేఖ కోసం వెళ్లడానికి సంకోచపడకండి. అడగడం మన హక్కు.