రాస్ప్‌బెర్రీ పై కోసం క్రాస్ కంపైల్: బిల్డ్ స్క్రిప్ట్‌లో నేను చేసిన రెండు తప్పులు

బోధన్ దగ్గర మా మామకు చెరుకు తోట ఉంది. బోరు మోటార్ ఎంతసేపు నడిచిందో లెక్క రాసే చిన్న సీ ప్రోగ్రామ్ తయారు చేసి, అక్కడి రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డులో పెడదామనుకున్నా. కంఠేశ్వర్‌లో మా ఇంట్లో ఇంటెల్ ల్యాప్‌టాప్‌పై బాగానే నడిచింది. బస్సెక్కి వెళ్లి బోర్డులో రన్ చేస్తే "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" వచ్చింది. "ఏమైందిరా అల్లుడు, నడుస్తలేదా?" అన్నాడు మామ.

మొదటి తప్పు: హోస్ట్ అంటే నా ల్యాప్‌టాప్ అనుకోవడం

ల్యాప్‌టాప్‌ది ఎక్స్86 ఆర్కిటెక్చర్, బోర్డుది ఆర్మ్. ఒకదాని మెషీన్ కోడ్ ఇంకోదానికి అర్థం కాదు. కాన్ఫిగర్ స్క్రిప్ట్‌లో "బిల్డ్" అంటే కంపైల్ చేసే మెషీన్, "హోస్ట్" అంటే ప్రోగ్రామ్ నడవాల్సిన మెషీన్. నేనేమో హోస్ట్ దగ్గర ల్యాప్‌టాప్ వివరాలు ఇచ్చా. చొక్కా కంఠేశ్వర్‌లో కుట్టించినా, బోధన్‌లో మామ వేసుకునేదైతే కొలతలు మామవే ఇవ్వాలి కదా!

రెండో తప్పు: కెర్నల్ మాట నమ్మడం

బోర్డులో యూనేమ్ కమాండ్ కొడితే 64 బిట్ ఆర్మ్ అని చూపించింది. దానికి తగ్గట్టే మళ్లీ బిల్డ్ చేశా. ఈసారి "కావాల్సిన ఫైల్ దొరకలేదు" అని ఎర్రర్. ఫైల్ కళ్ల ముందే ఉంది! తీరా చూస్తే, పై 4లో 32 బిట్ రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ కూడా 64 బిట్ కెర్నల్‌తో బూట్ అవుతోంది. లైబ్రరీలు మాత్రం 32 బిట్‌వే. దొరకనిది నా ప్రోగ్రామ్ కాదు, దాన్ని మొదలుపెట్టాల్సిన 64 బిట్ లోడర్.

మీరు ఇలా చేయండి

1. బోర్డులో డీపీకేజీ కమాండ్‌తో ఆర్కిటెక్చర్ అడగండి. "ఆర్మ్‌హెచ్ఎఫ్" అంటే 32 బిట్, "ఆర్మ్64" అంటే 64 బిట్.
2. దానికి సరిపోయే క్రాస్ కంపైలర్‌ని ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసి, హోస్ట్ దగ్గర అదే ఆర్కిటెక్చర్ పేరు ఇవ్వండి.
3. మేక్‌ఫైల్‌లో కంపైలర్ పేరు "జీసీసీ" అని నేరుగా రాసి ఉంటే తీసేసి వేరియబుల్ పెట్టండి. లేదంటే ల్యాప్‌టాప్ కంపైలరే నడుస్తుంది.
4. కాపీ చేసే ముందు "ఫైల్" కమాండ్‌తో అవుట్‌పుట్ ఏ ఆర్కిటెక్చర్‌దో చూసుకోండి.

ఒక జాగ్రత్త: మొదటి తరం పై జీరోలో ఉన్నది ఆర్మ్‌వీ6. ఉబుంటులోని ఆర్మ్‌హెచ్ఎఫ్ కంపైలర్ మామూలుగా ఆర్మ్‌వీ7 కోడ్ ఇస్తుంది కాబట్టి అందులో ఇది పనిచేయదు.

మూడోసారి వెళ్లినప్పుడు ప్రోగ్రామ్ నడిచింది. నాలుగో స్టెప్‌కి పట్టేది ఐదు సెకన్లు. మొదటిసారే అది చేసి ఉంటే, ల్యాప్‌టాప్ ఫైల్‌ని మోసుకుని బోధన్ దాకా వెళ్లేవాణ్ని కాదు.